రెండు కుర్చీల ఫొటో

మూట విప్పగానే గంజి వాసన గుప్పుమంది. జరీ అంచుల ఎర్ర తలపాగాలు. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, దొప్పల్లా ఒకదానిలో ఒకటి పేర్చి హైదరాబాద్ నుంచి పంపారు. వాటి కింద నడుముకు చుట్టుకునే పట్టాలు, తెల్లటి చేతి తొడుగులు. నిజామాబాద్ బైపాస్ మీద కొత్తగా కట్టిన ఫంక్షన్ హాల్లో పెళ్లి. భోజనాలు మావి, అలంకరణ హైదరాబాద్ ఈవెంట్ వాళ్లది. వాళ్ల తరఫున ఒక చురుకైన అమ్మాయి ఫోన్ చేసి, "అంకుల్, థీమ్ బ్రిటిష్ దర్బార్. మీ సర్వింగ్ వాళ్లలో నలుగురు ఇవి కట్టుకుని పెళ్లికొడుకు కుర్చీ వెనకాల నిలబడాలి. కదలొద్దు, నవ్వొద్దు. ఫొటోల్లో పాతకాలం లుక్ వస్తుంది" అంది. చూస్తాలే అమ్మా అని ఫోన్ పెట్టేసి, ఒక తలపాగా చేతిలోకి తీసుకున్నాను. అన్నం వార్చిన గంజి వాసన వేరు. ఇది డబ్బాలో వచ్చే పొడి గంజి, కొంచెం ఘాటు, ముక్కులో దురద పుట్టిస్తుంది. ఇలాంటి తలపాగా, ఇదే వాసనతో, చాలా ఏళ్ల కిందట రియాద్‌లో ఒక క్లబ్బు వంటశాలలో ముందు నర్సన్న చేతిలోకి, తర్వాత నా చేతిలోకి వచ్చింది.

నర్సన్నను మీరు చూసి ఉండరు. మెట్‌పల్లి దగ్గర ఒక పల్లెటూరి మనిషి. పొట్టిగా ఉండేవాడు, మెడ మాత్రం ఎప్పుడూ నిటారు. మొదట కూలి వీసా మీద పోయి, సిమెంటు మోసి, తర్వాత వంటశాలలో గిన్నెలు తోమి, మెల్లగా వడ్డనలోకి వచ్చి, నేను చేరేసరికి ఆ క్లబ్బు భోజనశాలకు పెద్ద అయ్యాడు. ఆ క్లబ్బు ఉన్నది ఒక కాంపౌండ్‌లో. కాంపౌండ్ అంటే తెలియనివాళ్లకు చెప్పాలి. ఎత్తైన గోడల నడుమ పాశ్చాత్య దేశాల ఇంజినీర్లు, బ్యాంకుల వాళ్లు కుటుంబాలతో ఉండే చిన్న ఊరు అది. లోపల ఈతకొలను, టెన్నిస్, క్లబ్బు. మేము ఉండేది అక్కడ కాదు, నగరం చివర సులైలో, గోదాముల మధ్య ఉన్న క్యాంపులో. పొద్దున కంపెనీ బస్సు తెచ్చి దింపేది, పని అయ్యాక కంపెనీ బస్సే ఎక్కించుకుపోయేది.

నేను చేరిన రోజు ట్రే అందుకోబోతే నర్సన్న ఆపాడు. "పెట్టు కింద. అగో, కిటికీ కాడ కుర్చీల కూసో" అన్నాడు. నా మీద ఏదో సరదా చేస్తున్నాడనుకున్నాను. కూర్చున్నాక తుండుగుడ్డ ఒళ్లో పరిచాడు. సూపు తెచ్చాడు, రొట్టె తెచ్చాడు, చేప తెచ్చాడు, చివర తీపి. కామారెడ్డిలో హోటల్లో పని చేసి వచ్చినవాణ్ణి నేను. నా జన్మలో నాకు ఎవరూ అలా వడ్డించలేదు. చెమటలు పట్టాయి. తినడం అయ్యాక ఎదురుగా కూర్చుని అడిగాడు: "నా మీద నీకు కోపం ఎప్పుడొచ్చింది, నిజం చెప్పు." రాలేదన్నాను. మళ్లీ అడిగాడు. "చేప ముల్లు గొంతుకు అడ్డం పడ్డప్పుడు నీళ్లకోసం చూసినన్నా. నువ్వు అటు తిరిగి ఉన్నవ్" అన్నాను. నర్సన్న మొహం విప్పారింది. "కావాల్నని తిరిగిన. గది యాదికుంచుకో. కూసున్నోనికి ఏం గావాల్నో నువ్వు కూసుంటెనే తెలుస్తది. ఇంకోటి. కూసున్నోడు పెద్దోడు గాదు, నిలబడ్డోడు చిన్నోడు గాదు. ఒకలకు ఆకలైతది, ఒకలు వడ్డిస్తరు. గంతే తమ్మీ." కొత్తగా ఎవరు వచ్చినా, నేపాలీ అయినా బంగ్లాదేశీ అయినా, మొదటి రోజు ఆ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని తినాల్సిందే. అది నర్సన్న పెట్టిన ఆనవాయితీ, దాన్ని ఎవరూ కాదనలేదు.

క్లబ్బు మేనేజరు ఆష్బీ అనే ఇంగ్లండు ఆయన. యాభై దాటిన మనిషి, ఎర్రటి మొహం, మెత్తటి గొంతు. చెడ్డవాడని నేను చెప్పను, చెబితే కళ్లు పోతాయి. నాకు కిడ్నీలో రాయి నొప్పి వచ్చిన రోజు అంబులెన్స్ కోసం చూడకుండా తన కారులో ఆసుపత్రికి తీసుకుపోయి, సూది వేసిందాకా బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, బెంగ. అది సొంత ఊరి మీద కాదు, ఇండియా మీద. ఇండియాను ఆయన చూడనే లేదు. ఆయన తాత మాత్రం తెల్లవాళ్ల పాలనలో అక్కడెక్కడో కాలువలు తవ్వించిన ఇంజినీరట. ఆ కాలువలు, ఆ వరండాలు, ఆ సాయంకాలాలు తాను అనుభవించినట్టే చెప్పేవాడు. "ఆ రోజుల్లో అంతా ఒక పద్ధతిగా ఉండేది, నర్సయ్యా. ఎవరి స్థానం ఏమిటో వాళ్లకు తెలుసు" అనేవాడు. నర్సన్న ప్లేట్లు తుడుస్తూ, "మీ స్థానం బాగుండేది సార్" అనేవాడు. అది ఇంగ్లీషులోనే అనేవాడు, నవ్వుతూనే అనేవాడు. ఆష్బీ కూడా నవ్వేవాడు.

నర్సన్న ఆయన్ని సార్ అనేవాడు గానీ, మా ముందు కూడా ఎన్నడూ దొర అనలేదు. మా వైపు దొర అంటే రెండర్థాలూ ఒకటే. ఊరినేలిన భూస్వామి దొరే, తెల్లవాడూ దొరే. "ఒక దొరను దాటుకునుడే మా నాయన ఆయుష్షు తిన్నది. ఇంకో దొరను నేనెందుకు చేస్కోవాలె?" అనేవాడు.

ఏడాదికోసారి ఆ క్లబ్బులో పాత రోజుల విందు అని ఒకటి జరిగేది. గోడకు పాత పటం తగిలించేవారు, అందులో సగం ప్రపంచం గులాబీ రంగులో ఉండేది. అట్టతో చేసిన టోపీలు పెట్టుకునేవారు. మొదట వచ్చే సూపు మన మిరియాల చారే, కొంచెం మాంసం, కొంచెం పప్పు కలిపి చిక్కగా చేసి దానికో పెద్ద పేరు. మా వంటమనిషి మౌలాలి భాయ్ కర్నూలాయన. ఆ చారు గంటెతో కలుపుతూ, "తాతలు నేతులు తాగినారంట, మూతులు వాసన చూడమంటాండారు. మన చారు మనకే పోసి, మా తాతల కాలం నాటిది అని చెప్తారప్పా ఈళ్లు!" అనేవాడు. మేము నవ్వుకుంటూ వడ్డించేవాళ్లం. అందులో బాధపడాల్సిందేమీ ఉన్నట్టు మాకు అనిపించలేదు. ఆటబొమ్మలతో ఆడుకునే పెద్దవాళ్లు, ఆడుకోనీ అనుకునేవాళ్లం.

తర్వాత ఆ దేశంలో కాలం మారింది. నితాఖత్ అన్నారు. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలి, ఉన్నదాన్నిబట్టి కంపెనీకి ఒక రంగు. ఎరుపులో పడ్డ కంపెనీ తన మనుషుల ఇఖామాలు, అంటే ఆ దేశంలో ఉండి పని చేసుకోవడానికిచ్చే కార్డులు, మళ్లీ కొత్తవి చేయించే వీల్లేదు. దాని వెనకాలే లెవీ వచ్చింది. పని చేసే ప్రతి పరాయివాడి తల మీదా, వాడి పెళ్లాం పిల్లల తలల మీదా నెలనెలా పన్ను. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నట్టు రెండూ కలిసి పడ్డాయి. రియాద్ పాత బజారు బత్హాలో మన దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పిల్లలతో ఉన్నవాళ్లు టీవీలు, మంచాలు అయినకాడికి అమ్ముకుని విమానాలెక్కారు. కాంపౌండ్‌లోనూ విల్లాలు ఖాళీ అయ్యాయి. టెన్నిస్ కోర్టు మీద ఇసుక పేరుకుంది, ఊడ్చే మనిషి లేడు. ఆష్బీ కుర్చీ కూడా కదిలింది. ఆయన కింద ఉన్న ఇద్దరినీ తీసేసి ఒక సౌదీ యువకుణ్ణి పెట్టారు. వచ్చే ఏడు ఆ యువకుడే మేనేజరు అవుతాడని అందరికీ తెలుసు, ఆష్బీకి అందరికన్నా ముందు తెలుసు. అప్పటినుంచే ఆయన తాతగారి ముచ్చట్లు ఎక్కువయ్యాయి. కాళ్ల కింద నేల జారుతున్నవాడికి తాత నిలబడిన నేల చాలా గట్టిగా కనిపిస్తుంది. ఇది ఇప్పుడు తీరిగ్గా కూర్చుని అంటున్న మాట. అప్పుడు నాకు ఆయన మీద చిరాకే కలిగేది.

మమ్మల్ని తెచ్చిన కేటరింగ్ కంపెనీ ఎరుపులో పడింది. మా అందరి ఇఖామాల గడువు దగ్గరికొచ్చింది. కాంపౌండ్ నడిపే కంపెనీ ఒక మాట చెప్పింది: వంటశాల నుంచి ముగ్గురిని తమ కఫాలా కింద, అంటే తమ పూచీ కిందికి మార్చుకుంటారు. మిగతావాళ్లకు ఖురూజ్, ఇక తిరిగి రాని పోక. ఆ ముగ్గురు ఎవరో చెప్పాల్సింది ఆష్బీ. నాకు ఊళ్లో సగం కట్టిన ఇల్లు ఉంది, గోడలు లేచాయి, కప్పు పడలేదు. నర్సన్న బిడ్డ లావణ్య కరీంనగర్‌లో నర్సింగు చదువుతోంది, ఇంకో ఏడాది మిగిలింది. "ఈ ఒక్క ఏడు ఇక్కడ నిలదొక్కుకుంటే, బిడ్డ తన కాళ్ల మీద నిలబడ్తది తమ్మీ. అటెనుక నన్ను పొమ్మంటె నవ్వుకుంట పోత" అని బస్సులో అనేవాడు. ఆయన కోరింది అంతే. మాలో ఒకరి పేరే ఖాయం అనుకునేవాళ్లం, అది నర్సన్నది.

ఆ ఏడు విందు చివరిదని అందరికీ తెలుసు కాబట్టి ఘనంగా చేయాలనుకున్నారు. ఒక పొద్దున ఆష్బీ వంటశాలలోకి ఒక పాత ఫొటో పట్టుకొచ్చాడు. ఇంగ్లండులో ఉన్న వాళ్ల అమ్మ పెట్టెలోంచి తీసి పంపిందట. వరండాలో పేము కుర్చీ, అందులో తాత. కాళ్ల దగ్గర కుక్క. కుర్చీ వెనక తలపాగా, నడుం పట్టాతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆష్బీ తాతను చూపించాడు, వరండాను చూపించాడు, కుక్కను చూపించి దాని పేరు బ్రూనో అన్నాడు. నర్సన్న కళ్లు మాత్రం వెనక నిలబడ్డ మనిషి మీదే ఉన్నాయి.

"ఆయన పేరేంటి సార్?" అని అడిగాడు.

ఆష్బీ కాసేపు ఆలోచించాడు. "అందరూ బేరర్ అనే పిలిచేవారు. మా కుటుంబమంటే ప్రాణమిచ్చేవాడు. మా నాన్నను ఎత్తుకుని పెంచాడు. సొంత మనిషి" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. అబద్ధం కాదు, నేను చూశాను.

తర్వాత ఒక సంచీలోంచి తలపాగా తీశాడు. అప్పుడే గంజి వాసన వంటశాలంతా వ్యాపించింది. విందు రోజు తాను తాతలా కుర్చీలో కూర్చుంటాడట, నర్సన్న ఇది కట్టుకుని వెనక నిలబడాలట, అచ్చం ఇలాంటి ఫొటోనే తీస్తారట. అమ్మకు తొంభయ్యో పుట్టినరోజు, ఆమెకు పంపుతాడట. నర్సన్న తలపాగా రెండు చేతులతో అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"సార్, పనికి ఎంతసేపైనా నిలబడతాను. ఫొటోకు నిలబడను" అన్నాడు. తనకొచ్చిన ఇంగ్లీషులోనే, తడబడకుండా.

ఆష్బీ మొహం ఇంకా ఎర్రబడింది. "ఇది సరదాకి, నర్సయ్యా. గౌరవంతోనే అడుగుతున్నాను" అన్నాడు.

"గౌరవమైతే నాకూ ఒక కుర్చీ వేయండి సార్. మీ పక్కన కూర్చుంటాను. తలపాగా కూడా కట్టుకుంటాను."

ఆష్బీ చేతిలోని ఫొటో వంక చూశాడు. "కానీ ఫొటోలో అలా లేదు కదా" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా అర్థంకానట్టు అన్నాడు. తలపాగాను బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బస్సులో మౌలాలి భాయ్ ఊరుకోలేదు. "ఒక్క గడియ నిలబడితే ఏం పోతాది నర్సన్నా? కండ్లు మూసుకోని నిలబడు. బిడ్డ సదువు సగంలో ఉండాది. ఇఖామా ఆయన చేతిలో ఉండాది. ఇప్పుడేంటికి ఈ పంతం? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అన్నాడు. ఆయన మంచికే చెప్పాడు, మేమందరం లోపల అదే అనుకుంటున్నాం.

నర్సన్న కిటికీలోంచి సులై గోదాముల వైపు చూశాడు. తర్వాత చెప్పాడు. వాళ్ల నాయన ఎల్లయ్య ఊరి దొర కోటలాంటి ఇంట్లో, గడీలో జీతగాడు. గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతిలో పట్టుకోవాలి. దొర బిడ్డ పెళ్లికి పట్నం నుంచి ఫొటో తీసేవాడు వచ్చాడు. దొర కుర్చీలో కూర్చున్నాడు, వెనక గొడుగు పట్టి ఎల్లయ్యను నిలబెట్టారు. "దొర మంచిగ పడ్డడు. గొడుగు మంచిగ పడ్డది. మా నాయన మొకం సగమే పడ్డది. ఈ దిక్కు కన్ను లేదు, ఈ చెవు లేదు. మా నాయనకున్న ఫొటో అదొక్కటే భాయ్. అదిగూడ మా ఇంట్ల లేదు, దొర మనవని ఇంట్ల ఉన్నది, హైదరాబాద్‌ల. ఒకపారి పనిబడి పోతె చూసిన. ఆయన మంచిగనే కూసోబెట్టి చాయ్ తాపిచ్చిండు. మీ నాయన మా సొంత మనిషి అన్నడు. పేరేందని అడిగితె, ఏదో గాడు అనేటోళ్లు, యాదికొస్తలేదు అన్నడు." నర్సన్న అక్కడ ఆగాడు. "ఈ సార్‌కు గూడ కుక్క పేరు యాదికున్నది, మనిషి పేరు లేదు. మా ఊర్లె ముసలోళ్లు ఇప్పటికీ అంటరు, దొర ఉన్నప్పుడే ఊరు ఊరు లెక్క ఉండె అని. పాతదంటె అందరికీ తీపే. వద్దన. కానీ వాళ్ల తీపికి నేను గొడుగు పట్ట."

మౌలాలి భాయ్ జేబులోంచి ఖర్జూరం పొట్లం తీసి నర్సన్న ఒళ్లో పెట్టాడు.

మర్నాడు ఆష్బీ నన్ను పిలిచాడు. నేను పొడుగు, తలపాగా నాకు బాగుంటుందన్నాడు. నా ఇల్లు, నా కప్పు, నా ఇఖామా అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు నిలిచాయి. ఆలోచించి చెబుతానన్నాను. నర్సన్నతో చెబితే కూరగాయల పెట్టె దించుతూ, "నిలబడ్తె నిలబడు తమ్మీ. నిన్ను తక్కువ జెయ్య, నీతోని మాట బంద్ చెయ్య. నన్ను చూసి మాత్రం వద్దనకు. నీకు వద్దనిపిస్తెనే వద్దను" అన్నాడు. అంతకన్నా బరువైన మాట నా మీద ఎవరూ పెట్టలేదు. వద్దురా అని తిడితే ఎంత సుఖంగా ఉండేది! బట్టలుతికే గదిలో అద్దం ముందు ఆ తలపాగా పెట్టుకుని చూసుకున్నాను. బాగానే ఉంది, అదే నాకు కంపరం పుట్టించింది. మా అమ్మ ఈ ఫొటో చూస్తే కొడుకును గుర్తుపడుతుంది, కుర్చీలో కూర్చున్నవాళ్ల మనవలు చూస్తే నన్నేమంటారు? నేరుగా ఆష్బీ గదికి పోయాను. "సార్, ఆ రోజు వడ్డనలో ఒక్క చెంచా కూడా తప్పు పోనివ్వను. ఇది మాత్రం నా వల్ల కాదు" అన్నాను.  ఆయన తల ఊపి, కాగితాల్లోకి వంగాడు. తర్వాత ఆష్బీ మాతో వడ్డన చేసే నేపాలీ కుర్రాణ్ణి అడిగితే వాడు నవ్వి, ఫొటోకు నిలబడనన్న నర్సన్న మాటనే తన హిందీలో చెప్పాడట.

విందు జరిగింది. అంత బాగా మేము ఎన్నడూ వడ్డించలేదు. నర్సన్న మమ్మల్ని ముందే కూర్చోబెట్టి తినిపించాడు, బట్టలు తానే సరిచూశాడు. ఎవరి గ్లాసూ ఖాళీ కాలేదు, ఎవరూ చెయ్యి ఎత్తి పిలవాల్సి రాలేదు. చివర్లో ఫొటో వేళకు ఆష్బీ పేము కుర్చీలో కూర్చున్నాడు. వెనక ఎవరూ లేరు. కాసేపు అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇంతలో ఒక అతిథి మూలనున్న కోట్లు తగిలించే కట్టెను ఈడ్చుకొచ్చి కుర్చీ వెనక నిలబెట్టి, దాని నెత్తిన తలపాగా పెట్టాడు. అందరూ గొల్లున నవ్వారు, చప్పట్లు కొట్టారు, ఫొటో తీశారు. నేను తీపి గిన్నెలు పట్టుకుని తలుపు దగ్గర ఉన్నాను. నర్సన్న నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు: "చూసినవా? కట్టె సరిపోయింది."

వారం తిరక్కుండా ముగ్గురి పేర్లు వచ్చాయి. మౌలాలి భాయ్, నేపాలీ కుర్రాడు, నేను. నర్సన్న లేడు.  ఆష్బీ దగ్గరికి పోయి, నా పేరు తీసి నర్సన్న పేరు పెట్టమని అడిగాను. నర్సన్నకు యాభై దాటాయి, ఆ వయసువాళ్లను కంపెనీ తీసుకోదని, తాను చెప్పి చూశానని ఆయన అన్నాడు. అది నిజమో కాదో నాకు ఈనాటికీ తెలియదు. నిలబడనన్న మా ఇద్దరినీ ఆయన ఉంచాడు కాబట్టి నిజమే కావచ్చు. అయినా మొదట కాదన్నవాడు నర్సన్నే కదా అని మనసు పీకుతుంది. సంగతి తెలిసి నర్సన్న నా మీద కోప్పడ్డాడు. "నీ కుర్చీల కూసుంట అని నేనన్ననా? ఆయన అడిగిండు, నేను వద్దన్న. వద్దన్ననాడే అన్నీ సోచాయించుకున్న. ఇప్పుడు ఏడిస్తె ఆనాటి మాట చిన్నగైతది."

ఆయన ఆఖరి రోజున మధ్యాహ్నం భోజనాలు అయిపోయాక, మేం ముగ్గురం కలిసి ఆయన్ని పట్టుకెళ్లి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాం. వద్దు వద్దని నవ్వుతూనే కూర్చున్నాడు. నేను తుండుగుడ్డ పరిచాను. మౌలాలి భాయ్ మటన్ బిర్యానీ, చేప వేపుడుతో పాటు, ఎక్కడ సంపాదించాడో గోంగూర కూడా చేశాడు. నేను ఒక్కొక్కటే తెచ్చి వడ్డించాను. చేప తింటున్నప్పుడు నీళ్ల వైపు ఆయన చెయ్యి కదలకముందే గ్లాసు అందించాను. తలెత్తి నా వంక చూశాడు. ఆ చూపు నాకు చాలు.

అంతలో ఆష్బీ వచ్చాడు. మేము చూసుకోలేదు. ఆయన నర్సన్న కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు, భోజనం మధ్యలో పలకరించడం మర్యాద కాదనుకున్నట్టు చేతులు కట్టుకుని. నర్సన్న కుర్చీలో, తెల్లాయన వెనక.  ఆ పాత ఫొటోను ఎవరో తిరగేసినట్టు ఉంది. నా చెయ్యి దానంతటదే జేబులోని ఫోన్ మీదికి పోయింది. ఒక్కటి నొక్కితే చాలు, ఎన్ని లెక్కలు తేలిపోతాయి! నేను ఫోన్ ఎత్తడం చూసి నర్సన్న వెనక్కి తిరిగాడు. ఆష్బీని చూశాడు. ముద్ద ప్లేటులో పెట్టేసి, "ఆగు తమ్మీ. ముందుగాల సార్‌కు కుర్చీ తే" అన్నాడు. నేను కదల్లేదు. "తెమ్మంటున్న గదా. మనిషిని ఎనక నిలబెట్టి తినుడు మన అలవాటు గాదు."

కుర్చీ తెచ్చి పక్కన వేశాను. ఆష్బీ కూర్చున్నాడు. గోంగూర ఆయనకూ వడ్డించాం, పులుపుకు మొహం చిట్లించాడు. కాసేపయ్యాక, "అమ్మను అడిగాను, నర్సయ్యా. మా మేనత్తను కూడా అడిగాను. ఆయన పేరు ఎవరికీ తెలియదు" అన్నాడు. ఆ గొంతులో మునుపటి తీపి లేదు. నర్సన్న తన కుడిచెయ్యి ఎంగిలిగా ఉందని ఎడమచెయ్యి ఆయన భుజం మీద వేసి, "అడిగారు కదా సార్" అన్నాడు. ఫొటో అప్పుడు తీశాను. రెండు కుర్చీలు, రెండు ప్లేట్లు, ఇద్దరు మనుషులు. ఇద్దరి మొహాలూ పూర్తిగా పడ్డాయి.

ఇంటికొచ్చాక నర్సన్నకు కష్టమే ఎదురైంది, కాదని చెబితే ఆయన్ని చిన్నబుచ్చినట్టే. లావణ్య చదువు ఒక ఏడాది ఆగింది. ఆ పిల్ల ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేసింది. నర్సన్న మెట్‌పల్లి బస్టాండు దగ్గర చిన్న భోజనశాల పెట్టాడు. పనికి చేరిన ప్రతివాణ్ణీ అక్కడా మొదటి రోజు కూర్చోబెట్టి వడ్డించేవాడట. మరుసటేడు లావణ్య మళ్లీ చేరి చదువు పూర్తి చేసింది. ఇప్పుడు కరీంనగర్‌లోనే నర్సు. నేనూ కొన్నాళ్లకు వచ్చేశాను, నిజామాబాద్‌లో కేటరింగ్ పెట్టుకున్నాను. ఫోన్లో ఎప్పుడు మాట్లాడినా, "కొత్తోళ్లను కూసోబెడ్తున్నవా?" అన్నదే మొదటి మాట.

పోయినేడు వానాకాలంలో నర్సన్న పోయాడు. దినం రోజుకు ఫొటో కావాలంటే నా దగ్గరున్నదే పంపాను. ఫ్రేము కట్టే దుకాణంలో తెల్లాయన్ని కత్తిరించేద్దామన్నారట. లావణ్య ఒప్పుకోలేదు. నాకు ఫోన్ చేసింది. "అన్నా, నాయన పక్కన కూసున్న సార్ పేరేంది? సరిగ్గ చెప్పు, కింద రాపియ్యాలె. రేపు మా పిల్లలు గాయిన ఎవలని అడిగితె, ఎవలో తెల్వదని చెప్తమా?" అంది. చెప్పాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. ఇప్పుడు వాళ్ల ఇంటి గోడకు ఆ పటం ఉంది, కింద తెలుగులో రెండు పేర్లు: నర్సయ్య, ఆష్బీ.

తలపాగాలను మళ్లీ దొప్పల్లా పేర్చి మూట కట్టాను. ఈవెంట్ అమ్మాయికి ఫోన్ చేసి, మా వాళ్లు ఇవి కట్టుకుని వెనక నిలబడరని చెప్పాను. "ఒక్క ఫొటోనే కదా అంకుల్! పార్టీ ఒప్పుకోదు, కేటరింగ్ వేరేవాళ్లకు పోతుంది" అంది. పోతే పోనీ అన్నాను. "పనికి ఎంతసేపైనా నిలబడతారమ్మా. ఫొటోకు నిలబడరు." "మరి కుర్చీ వెనక ఎవరుండాలి?" అని నిజంగానే అడిగింది ఆ పిల్ల. కోట్లు తగిలించే కట్టె ఒకటి చూసుకోమన్నాను, సరిపోతుందని హామీ కూడా ఇచ్చాను.

తలుపు దగ్గర కొత్తగా చేరిన మనిషి నిలబడి ఉన్నాడు, బోధన్ వైపు నుంచి వచ్చాడు. మొదటి రోజు కదా, చేతిలో ట్రే అప్పుడే పట్టేసుకున్నాడు. పొయ్యి దగ్గర అన్నం ఉడికింది, పప్పు సిద్ధంగా ఉంది. ఆ ట్రే తీసుకుని, కిటికీ పక్క కుర్చీ వెనక్కి లాగాను. "అన్నా, నేను నిలబడే తింట" అన్నాడు సిగ్గుపడుతూ.

"కూసో తమ్మీ" అన్నాను. "నీ పేరేంది?"